నల్ల కొత్తిమీర

రేణు పంపిన మెసేజ్ వసంతలక్ష్మి కంటపడేసరికి రైలు షికాగో యూనియన్ స్టేషన్ చీకటి దాటి ఎండలోకి వచ్చేసింది. "వసంతక్కా, మీ ఇంటి ముందు ల్యాండ్‌స్కేపింగ్ ట్రక్ ఆగింది. మీరే పిలిపించారా? ముందంతా కట్ చేసేస్తున్నారు." ఇంగ్లీషు అక్షరాల్లో కూర్చిన ఆ తెలుగును ఆమె మూడుసార్లు చదివింది. మొదటిసారి ట్రక్ అన్న మాట దగ్గర ఆగింది, రెండోసారి ముందంతా దగ్గర, మూడోసారి చేసేస్తున్నారు దగ్గర. చేసేశారు కాదు, చేసేస్తున్నారు. అంటే ఇంకా ఏదో మిగిలే ఉంది. అంటే తను ఈ సీట్లో ఒళ్లో లంచ్ బ్యాగు పెట్టుకుని కూర్చున్న ఈ క్షణంలో ఎవడో గిర్రున తిరిగే మిషను పట్టుకుని తన నల్ల కొత్తిమీర కాళ్లు నరుక్కుంటూ ముందుకు నడుస్తున్నాడు. నేపర్‌విల్‌కి ఇంకా గంట. ఎక్స్‌ప్రెస్ బండి రెండు నిమిషాల తేడాలో తప్పిపోయింది. ఇది ప్రతి స్టేషన్‌కీ మర్యాద చేసుకుంటూ పోయే బండి.

భర్త జగన్మోహన్ నంబరు నొక్కింది. నాలుగు రింగులయ్యాయి. ఐదోది మోగుతుండగా ఎదుటి సీటాయన పేపరు కిందికి దించి, తలుపు మీది బోర్డు వైపు చూపుడువేలు ఎత్తాడు. క్వైట్ కార్. ఈ పెట్టెలో ఫోన్లు మాట్లాడకూడదు. ఆమె ఫోను కట్టేసింది. ఆయన తప్పేం లేదు, రూలు రూలే, రోజూ వెతుక్కుని మరీ ఈ పెట్టె ఎక్కేది తనే, పొద్దంతా హాస్పిటల్ ల్యాబ్‌లో మిషన్ల రొద విని విని. కానీ ఆ వేలు! మాట్లాడితే పోయేదానికి వేలెందుకు? రెండేళ్లుగా ఇదే పెట్టెలో వస్తోంది కదా, తన నోటి నుంచి ఒక్క మాటైనా విన్నాడా ఈయన? ఎవరైనా విన్నారా? ఇల్లు కొన్నప్పుడు ఏ రంగు కార్పెట్ అన్నారు, మీ ఇష్టం అంది. కూతురు దియని కాలేజీకి ఎంత దూరం పంపాలి అన్నారు, దాని ఇష్టం అంది. ఇరవై నాలుగేళ్ల కాపురంలో తన ఇష్టం అని గట్టిగా అన్నది ఒక్కసారే, ఇంటి ముందున్న ఆ పన్నెండడుగుల జాగా నాకివ్వండి అని. అడిగింది కూడా కాదు, చెప్పింది. అందుకేనేమో.

"రేణూ, నేను పిలవలేదు. ప్లీజ్ వెళ్లి ఆపు" అని టైప్ చేసి పంపింది. తొందరలో రెండు అక్షరాలు తప్పు పడ్డాయి. పడనీ. రేణు ఎదురింటి పిల్ల, చంటివాణ్ని ఎత్తుకుని అయినా వెళ్తుంది. ఆపగలదా? రైలు సిసెరో స్టేషన్ దాటింది. పట్టాల పక్కన ఎవరూ నాటని గడ్డి నడుమెత్తు పెరిగి ఊగుతోంది. దానికి ఏ కాలనీ అసోసియేషనూ ఉత్తరం రాయదు. దాన్ని ఎవరూ ఏమీ అనరు, ఎందుకంటే అది ఎవరిదీ కాదు. ఎవరో ఒకరిదైతేనే, ప్రేమగా పెంచితేనే, దానికి ఎత్తు కొలుస్తారు.

డోరిస్ అన్నది అదే కదా, తోటంటే తనంతట తనే నడిచొచ్చి నిలబడినట్టు ఉండాలి, కానీ అలా ఉంచడానికి నడుం పడిపోయేంత పని చెయ్యాలి అని. డోరిస్ ల్యాబ్‌లో సూపర్‌వైజరు. రిటైరవుతున్న రోజున అందరికీ కప్పులూ కార్డులూ పంచి, వసంతలక్ష్మికి మాత్రం ఒక గోధుమరంగు కవరిచ్చింది. ఊపితే సన్నగా చప్పుడు. విప్పి చూస్తే మాడిన జీలకర్రలా పొడుగ్గా, నల్లగా, నిగనిగలాడే గింజలు. "దీన్ని కౌ పార్స్‌లీ అంటారు, ఇంగ్లండులో రోడ్ల పక్కన పిచ్చిగా పెరుగుతుంది. కానీ ఇది నల్లాకుల రకం. నువ్వు దగ్గరగా చూసే మనిషివి కాబట్టి నీకిస్తున్నాను" అంది. దగ్గరగా చూసే మనిషివి! ఆ మాటకు ఆమె ఇంటికొచ్చేదాకా లోలోపల నవ్వుకుంది. అది రెండువేల తొమ్మిది. కవరు వంటింటి సొరుగులో పోపుల డబ్బా వెనక పెట్టింది, మార్చిలో కుండీలో వేసింది, జూన్ దాకా నీళ్లు పోసింది. ఒక్క గింజా లేవలేదు. సిగ్గుపడుతూ ఫోన్ చేస్తే డోరిస్ పకపకా నవ్వింది. "పాతబడితే మొలవవు అన్నాను కదా. తాజా గింజ కావాలి, ఆగస్టులో వెయ్యాలి, చలికాలమంతా బయటే వదిలెయ్యాలి. మంచు చూడని గింజ లేవదు." మరుసటి ఆగస్టులో కొత్త కవరు పోస్టులో వచ్చింది.

ఇండియన్ స్టోర్ పెరుగు డబ్బాలు పదకొండు, అడుగున స్క్రూడ్రైవరు కాల్చి చిల్లులు పెట్టింది. ఇల్లంతా ప్లాస్టిక్ కంపు కొడుతోందని జగన్మోహన్ కిటికీలు తీశాడు. మట్టి నింపి, గింజలు పైపైన చల్లి, కనీ కనపడకుండా మట్టి దులిపి, ఉడతలు తవ్వకుండా పైన జల్లెడ కట్టి, ఇంటి వెనక చెక్క డెక్ మీద ఉత్తరం మూల పెట్టింది. ఆ ఫిబ్రవరిలో తుఫాను మంచు మోకాలు దాటి పడింది. పార పట్టుకుని మంచు తీస్తూ ఆయన, "ఆ డబ్బాలు ట్రాష్‌లో వేసెయ్యనా, ఎందుకు అవి?" అన్నాడు. ఎందుకు అవి! ఆయన ప్రశ్నలన్నీ అలాగే ఉంటాయి, జవాబు చేతిలో పట్టుకునే అడుగుతాడు. వద్దండీ అంది. వద్దండీ అని ఊరుకోకుండా అప్పుడే కూర్చోబెట్టి చెప్పి ఉండాల్సింది, ఇది నాకు ఎందుకో. కానీ దేన్నయినా ఎందుకు ఇష్టమో చెప్పడం మొదలుపెడితే అది అప్పటికే సగం చిన్నదైపోతుంది. మార్చి ఆఖర్లో ఒక పొద్దున మంచు కరిగిన తడి మట్టి మీద సన్నటి రెండేసి ఆకులు, దారప్పోగుల్లా. వంగి, కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకుని, లెక్కపెట్టింది. అరవై మూడు. ల్యాబ్‌కి ఆలస్యమైంది. ఎప్పుడూ కాని ఆలస్యం.

బెర్విన్. తలుపులు తెరుచుకుని ఒక గుంపు దిగింది. ఫోను తెర వెలగలేదు. రేణు ఏమైంది?

అన్నీ పచ్చగా లేచాయి. అదే భయం వేసింది. ఒక్కటీ నల్లగా లేదు, అచ్చం కుండీలో వేసుకున్న కొత్తిమీర. డోరిస్‌ని అడిగితే, "ఆగు. మూడో ఆకు రానీ, ఎండ తగలనీ, అప్పుడు తేలుతుంది. పచ్చగా మిగిలినవి పీకెయ్, లేకపోతే వాటి పుప్పొడి కలిసి వచ్చే తరాలు పచ్చబడిపోతాయి. నల్లవి మాత్రం ఉంచు" అంది. మేలో తేలింది. ఇరవై రెండు మొక్కల ఆకు కాఫీ డికాక్షన్ పోసినట్టు ముదిరి, ఊదా కలిసిన నలుపుకు తిరిగింది. మిగతావాటిని ఒక్కొక్కటే పీకుతూ డెక్ మెట్ల మీద కూర్చుని తను ఒక్కర్తే నవ్విన నవ్వు, బయటికి వినపడేలా నవ్విన నవ్వు. నల్లవి ఉంచు, పచ్చవి పీకెయ్! విజయవాడలో పెళ్లిచూపుల నాడు జగన్మోహన్ పెద్దమ్మ ఆమె మణికట్టు పట్టుకుని కిటికీ వెలుగులోకి తిప్పి, "చామనఛాయ అని రాశారే, ఇదా చామనఛాయ?" అన్నప్పుడు గదిలో పద్నాలుగు మంది ఉన్నారు. ఆయన కాఫీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. తర్వాత సరే అన్నాడు, పెళ్లయింది, ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు, మంచివాడే అని అందరూ అన్నారు, తనూ అంది. మంచివాడే. కానీ గ్లాసులోంచి తలెత్తి ఒక్క మాట అని ఉంటే ఏం పోయేది? పెద్దమ్మా, చెయ్యి వదులు అని. నాలుగు మాటలు కూడా కావు.

ఫోను వణికింది. "అక్కా, అడిగాను. వర్క్ ఆర్డర్ ఉందంట, అసోసియేషన్ పంపిందంట. ఓనర్ సైన్ కూడా ఉందంటున్నారు. ఆపట్లేదు. సారీ అక్కా."

ఓనర్ సైన్. ఓనర్ అంటే ఇద్దరం. నేను చెయ్యలేదు. ఒకటి తీసేస్తే మిగిలేది ఎవరో లెక్కపెట్టడానికి ల్యాబ్ అక్కర్లేదు. అరికాళ్ల నుంచి వేడి లేచి చెవుల్లో కొట్టింది. ఆమె బ్యాగు సీట్లో వదిలేసి లేచింది. పేపరాయన మోకాళ్లు పక్కకు తిప్పుకున్నాడు. తలుపు తోసుకుని రెండు పెట్టెల మధ్యనున్న ఇరుకులోకి వచ్చి, కడ్డీ పట్టుకుని, మళ్లీ ఆ నంబరే నొక్కింది. ఈసారి రెండో రింగుకే ఎత్తాడు.

"ఆ, వసంతా, ట్రైన్‌లో ఉన్నావా? మీటింగ్‌లో ఉన్నా, మిస్డ్ కాల్ ఇప్పుడే చూశా."

"ఇంటి ముందు ఎవరు కోస్తున్నారు?"

చక్రాల రొదలో ఆమె ఫోను చెవికి అదుముకుంది. "ఓ, ఈరోజే వచ్చారా? నెక్స్ట్ వీక్ అన్నారే. నీకు వీకెండ్‌లో నెమ్మదిగా చెబుదామనుకున్నా."

"కోశాక చెబుతారా, కోయకముందా?"

"వసంతా, అలా కాదు. ఫైన్ వేస్తామన్నారు, లీగల్ నోటీస్ అన్నారు. నన్ను అసోసియేషన్ బోర్డులోకి తీసుకుందామంటున్న టైములో మన ఇంటి మీదే కంప్లయింట్ ఉంటే ఎలా ఉంటుంది చెప్పు? పదిహేనేళ్లలో మనవాళ్లు ఒక్కరు లేరు ఆ బోర్డులో."

"వాళ్లకిమ్మని మీ చేతికిచ్చిన నా లెటర్ చదివి కూడా విషపు మొక్కే అన్నారా?"

రివర్‌సైడ్ అని పైన స్పీకరు గొంతు పలికింది.

"లెటర్... ఇవ్వలేదు."

"ఏంటి?"

"ఎలా ఇస్తాను? అందులో నువ్వు అసోసియేషన్ ప్రెసిడెంట్‌ని ఇగ్నరెంట్ అన్నావు."

"ఆ మాట నేను రాయలేదు. తెలియక పొరబడ్డారు అని రాశాను."

"అదే కదా ఇగ్నరెంట్ అంటే! రోజూ సాయంత్రం ఆయనతో వాక్‌కి వెళ్తాను, ఆయన చేతికి నేనే ఇవ్వాలా అది? చూడు, స్టేషన్‌కి వస్తాను, నేనే పిక్ చేసుకుంటాను, మాట్లాడుకుందాం. మళ్లీ మొలుస్తుంది వసంతా, గడ్డే కదా."

ఆమె ఫోను చెవి నుంచి తీసి దాన్నే చూసింది. అందులోంచి ఆయన గొంతు చిన్నగా, దోమలా, హలో హలో అంటూనే ఉంది. నొక్కి ఆపేసింది.

గడ్డే కదా. ఏప్రిల్ పదో తారీఖున అసోసియేషన్ ఉత్తరం వచ్చింది. నిర్వహణ లేని మొక్కలు, ఎనిమిది అంగుళాలకు మించిన ఎత్తు, హెమ్‌లాక్ అనే విషపు మొక్కగా అనుమానం, పద్నాలుగు రోజుల్లో తొలగించవలెను. నిర్వహణ లేని! మోకాళ్ల మీద కూర్చుని కూర్చుని రెండు ప్యాంట్లు చిరిగాయి తనకి. క్యారెట్‌లా లోతుకు దిగే వేరు, తెగితే బతకదు, అందుకని నాలుగాకులప్పుడే ఒక్కో డబ్బా మట్టిని ముద్దగా ఎత్తి, పసిపిల్లల మెడ కింద చెయ్యి పెట్టినట్టు చెయ్యి పెట్టి నాటింది. లాన్ గడ్డిని చాపలా చుట్టి తీసి, వరసగా కాకుండా చేత్తో విసిరితే ఎక్కడ పడితే అక్కడ అన్నట్టు, మధ్యమధ్య ప్రెయిరీ గడ్డి దుబ్బులు, ఊదా బంతుల్లా పూసే అలియమ్ దుంపలు, వాటి సందుల్లో నల్లాకులు. మొదటి ఏడు ఆకులే. రెండో ఏడు, అంటే పోయిన మే నెలలో పూసింది. నల్లటి నురగ లాంటి ఆకుల పైన తెల్లటి సన్న పూల గొడుగులు, గాలొస్తే మొత్తం ఒక్కసారి వెనక్కి వాలి మళ్లీ లేచేది. సెలవులకొచ్చిన దియ వాకిట్లో బ్యాగు పడేసి, "అమ్మా, ఓ మై గాడ్, ఇది గోత్ కొత్తిమీర!" అని, నల్ల బట్టల్లో తిరిగే గోత్ కుర్రకారు పేరు పెట్టి అరిచింది. తర్వాత మెట్ల మీద గంటసేపు కూర్చుంది, ఫోను చూడకుండా. వ్రతానికొచ్చినవాళ్లలో ఒకావిడ, "తెగులు పట్టిందా వసంతగారూ, నల్లబడిపోయింది?" అంది. ఇంకొకావిడ తుంచి వాసన చూసి, పచ్చడికి పనికొస్తుందా అంది. ఆ రోజు నవ్వుకుంది. వాళ్లు కనీసం వంగి చూశారు. ముట్టుకున్నారు. అడిగారు.

హెమ్‌లాక్ అట. హెమ్‌లాక్ కాడ నున్నగా ఉంటుంది, దాని మీద ఊదా మచ్చలుంటాయి, నలిపితే ఎలుక కంపు. ఇది గాడిగాడిగా ఉంటుంది, సన్నటి నూగుంటుంది, మచ్చ ఉండదు. తేడా తెలియాలంటే వంగాలి, అంతే. ఇరవై రెండేళ్లుగా తను చేస్తున్న పనే అది. గాజుపలక మీద ఊదారంగు అద్దిన ఒక పొర, ఎవరి రొమ్ములోదో, ఎవరి పేగులోదో. మంచి కణమా, చెడ్డ కణమా అని డాక్టరు చూసేలోపు ఆ పొర సరిగ్గా వచ్చిందో లేదో తను చూడాలి. దగ్గరగా చూడకుండా పేరు పెడితే ఒక మనిషి ప్రాణం మీదికొస్తుంది. వీళ్లు కారు అద్దం దించకుండా రోడ్డు మీంచి చూసి పేరు పెట్టేశారు. అందుకే రాసింది, రెండు పేజీలు, నాలుగు ఫోటోలు, కాడ అడ్డకోత బొమ్మ తనే గీసి. కొన్ని రాష్ట్రాల్లో ఈ జాతిని నిషేధించారనీ, మన రాష్ట్రం జాబితా మొత్తం చూశాననీ, అందులో లేదనీ, అయినా నా వల్ల ఎవరికీ ఇబ్బంది కాకూడదని గింజ రాలకముందే ప్రతి పూగుత్తికీ పాత వాయిల్ చీర ముక్క మూటలా కడుతున్నాననీ రాసింది. రాయక్కర్లేని నిజం కూడా రాసింది, ఎందుకంటే దాచడం చేతకాదు. మూడు రాత్రులు తిరగరాసింది. దియ ఫోన్లో గ్రామర్ సరిచేసింది. అది ఆయన డెస్కులోనో, కారులోనో, ఎక్కడో మడత పడి ఉంది. జవాబు రాలేదంటే ఒప్పుకున్నారనుకుంది! ఎంత పిచ్చిది! మూడు వారాలు హాయిగా నిద్రపోయింది. రోజూ పొద్దున్నే కాఫీ కప్పుతో వెళ్లి మొగ్గలు చూసుకుంటుంటే, ఆయన గరాజ్‌లోంచి కారు తీస్తూ చెయ్యి ఊపేవాడు. నవ్వుతూ ఊపేవాడు.

సీటుకు తిరిగొచ్చేసరికి బ్యాగు అక్కడే ఉంది. హిన్స్‌డేల్‌లో పెద్ద పెద్ద ఇళ్లు, వాటి ముందు దువ్వినట్టు లాన్లు, ఒకే పచ్చ, ఒకే ఎత్తు, ఎవడో ఒకడే కోసినట్టు. కోపం ఆయన మీద ఎంతుందో తన మీదా అంతే ఉంది. ఎందుకిచ్చింది ఆయన చేతికి? ప్రెసిడెంట్ ఇల్లు నాలుగిళ్ల అవతల. తనకు కాళ్లు లేవా? ఆ ఇంటి తలుపు కొట్టడానికి ఏమడ్డం? ఇంగ్లీషా? ఇరవై రెండేళ్లు ఇంగ్లీషులోనే కదా జీతం తీసుకుంది. ఏమీ అడ్డం లేదు, అలవాటు తప్ప. ఆయన చూసుకుంటాడు, ఆయన చెబుతాడు, ఆయనకు వాళ్లు తెలుసు. ఆయనకు వాళ్లు తెలుసు, అందుకే వాళ్లకు తను తెలియదు. ఆ ఇంట్లో ఇంకెవరో ఉన్నారని, ఆమెకు కూడా ఒక సంతకం ఉందని, ఎవరికీ తోచలేదు. ఆయనకూ తోచలేదు. తోచలేదా, తోచి పక్కన పెట్టాడా? తోచకపోతే పొరపాటు. తోచి పక్కన పెడితే ఏమంటారు దాన్ని? దగ్గరగా చూడాలి. తొందరపడి పేరు పెట్టకూడదు. కానీ లెటర్ ఇవ్వలేదు కదా. మూడు వారాలు చెయ్యి ఊపాడు కదా. చూసింది చాలు, పేరు పెట్టొచ్చు.

లైల్‌లో రేణు మెసేజ్. "అయిపోయింది అక్కా." కింద ఒక ఫోటో ఉంది. ఆమె తెరిచి చూడలేదు. ఫోటోలో కాదు, కళ్లతో చూస్తుంది.

నేపర్‌విల్ స్టేషన్ బయట జగన్మోహన్ కారు పక్కనే నిలబడి ఉన్నాడు, మెడలో ఆఫీస్ బ్యాడ్జి అలాగే వేలాడుతూ. తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఆమె వెనక సీట్లో కూర్చుంది. ఆయన ఒక క్షణం ఆ తెరిచిన ముందు తలుపు దగ్గరే నిలబడి, మూసి, వెళ్లి స్టీరింగ్ పట్టుకున్నాడు. దారిలో మూడుసార్లు అద్దంలోంచి చూశాడు. "ఏదైనా అను వసంతా. తిట్టు. అలా ఉండకు." ఆమె కిటికీలోంచి చూస్తూనే ఉంది. అనాల్సింది చూశాక అంటుంది. చూడకుండా ఏదీ అనదు.

ఇంటి ముందు నిలబడితే ఆ ఇల్లు తమది కాదేమో అనిపించింది. గోడ అంత పొడుగుందని ఇన్నేళ్లూ తెలియలేదు. నేలకు నాలుగు వేళ్ల ఎత్తున కాడలు, తెగిన చోట నీరూరుతూ. అలియమ్ బంతులు కూడా పోయాయి. పక్కన మూడు పెద్ద కుప్పలుగా ఎత్తి పెట్టారు, నల్లాకుల్లో తెల్లపూలు అప్పుడే వాడిపోతూ, సోంపు లాంటి పచ్చి వాసన వీధంతా. ట్రక్కు ఇంకా వెళ్లలేదు. మిషను లోపలికెక్కిస్తున్న నెరిసిన మీసాల పెద్దాయన ఆమెను చూసి ఆగాడు, టోపీ తీసి దగ్గరికొచ్చాడు. పిడికిలి తెరిస్తే ఐస్‌క్రీం పుల్లలు, పదో పదకొండో, నాటిన తేదీలు ఆమె తెలుగులో రాసి మట్టిలో గుచ్చినవి. "మీరు రాసినవా మేడమ్? నాకీ అక్షరాలు రావు. కోయకముందు ఏరి పెట్టాను, ఎవరి పేర్లో అనుకున్నాను" అన్నాడు స్పానిష్ యాసలో. "ఎవరో కావాలని పెంచినట్టుందే అని ఆఫీసుకి ఫోన్ చేసి రెండుసార్లు అడిగాను. ఓనర్లు ఒప్పుకున్నారు, కొయ్యి అన్నారు." జేబులోంచి కాగితం తీసి విప్పి చూపించాడు. ఒకే వాక్యం. మేము, ఈ ఇంటి యజమానులము, తొలగింపునకు సమ్మతిస్తున్నాము. కింద రెండు గీతలు. ఒక దాని మీద జగన్మోహన్ సంతకం. రెండోది ఖాళీ.

"థాంక్యూ" అంది ఆమె ఆయనతో, పుల్లలు తీసుకుని. ట్రక్కు వీధి మలుపు తిరిగేదాకా నిలబడింది. తర్వాత భర్త వైపు తిరిగింది.

"ఫోన్ చెయ్యండి ఆ ప్రెసిడెంట్‌కి."

"ఇప్పుడా? వసంతా, ఇప్పుడు చెప్పి ఏం లాభం, అయిపోయింది కదా..."

"కోసింది ఆ ట్రక్కతను కాదు. అడిగాడతను, రెండుసార్లు. పుల్లలు ఏరాడు. ముక్కూ మొహం తెలియని మనిషికి ఎవరిదో అన్న ధ్యాస ఉంది. నాతో ఇరవై నాలుగేళ్లున్న మీకు లేదు. ఫోన్ చెయ్యండి, స్పీకర్‌లో పెట్టండి."

ఆయన ఎదురింటి వైపు చూశాడు. రేణు గుమ్మంలో పిల్లాణ్ని ఎత్తుకుని నిలబడి ఉంది, లోపలికి పోలేదు. ఆయన నంబరు నొక్కాడు. ఎవరూ ఎత్తలేదు, సందేశం వదలమని ప్రెసిడెంట్ గొంతు హుషారుగా పలికింది. జగన్మోహన్ గొంతు సవరించుకుని ఇంగ్లీషులో మొదలుపెట్టాడు, చిన్నగా నవ్వుతూ, తోట విషయంలో మేము కొంచెం తొందరపడ్డామేమో అని...

ఆమె చెయ్యి చాపి కాల్ కట్ చేసింది.

"మేము కాదు. నేను అనండి."

"వసంతా..."

"ఆ కాగితం మీద మేము అని ఉంది. నేను లేను అందులో. నవ్వకుండా చెప్పండి, నేను అని."

ఆయన ఆ కోసిన నేల వైపు అప్పుడు చూశాడు, వచ్చాక మొదటిసారి. బూటు కొసకు ఒక తెల్ల పూగుత్తి తగులుతోంది. కాలు వెనక్కి తీసుకున్నాడు. మళ్లీ నొక్కాడు. మళ్లీ ఆ హుషారు గొంతు, మళ్లీ బీప్. ఈసారి నవ్వు లేదు. నెమ్మదిగా చెప్పాడు. "ఆ సంతకం నేను చేశాను. నా భార్యని అడగలేదు. ఆమె మీకు రాసిన జవాబు మీకు ఇవ్వకుండా నేనే దాచాను. అది విషపు మొక్క కాదు." ఆగాడు. ఎవరూ చెప్పమనకుండానే మరో మాట అన్నాడు. "గింజ నుంచి పెంచింది. నాలుగేళ్లు పట్టింది." ఫోను దించాడు. మొహం మీద చెమట, మే నెల చల్లగాలిలో.

"చాలా?" అన్నాడు.

"చాలదు" అంది ఆమె.

అంటుంటే కోపం తగ్గలేదని ఆమెకే తెలుస్తోంది, తగ్గాలని కూడా లేదు. కానీ ఇప్పటిదాకా రైల్లో చెవుల్లో కొట్టుకున్న కోపం వేరు, దానికి పోవడానికి చోటు లేక తన మీదే తిరిగింది. ఇప్పుడిది నిలకడగా, గాజుపలక మీద పొర అమర్చేటప్పుడు చెయ్యి ఉండేంత నిలకడగా ఉంది.

"రేపు పొద్దున ప్రెసిడెంట్ ఇంటికి వెళ్తున్నాం. మాట్లాడేది నేను. మీరు నా పక్కన నిలబడండి. మధ్యలో అందుకోకండి, నేనేం అన్నానో మళ్లీ మీరు విడమరిచి చెప్పకండి."

రేపు శుక్రవారం. జగన్మోహన్‌కు ఆఫీసుంది, ఎనిమిదింటికల్లా ఏదో కాల్ ఉంటుంది, ప్రతి శుక్రవారం ఉంటుంది. ఆ మాట నోటిదాకా వచ్చిందని, పెదవి కదలడం ఆమె చూసింది. చూస్తూ ఆగింది.

"ఎన్నింటికి?" అన్నాడు జగన్మోహన్.